భుజం బదులు బియ్యం బస్తా

నా టార్గెట్ కాగితాన్ని క్యాంటీన్ గోడకు అంటించిన మనిషిని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ ఉద్దేశం కూడా లేదు. ముందే చెప్పేస్తే మీకూ నాకూ మొహమాటం ఉండదు.

ఘాజియాబాద్ దాటి, గంగ కాలువ పక్కన మా రైఫిల్ క్లబ్బు. ఇందిరాపురంలో ఆదివారం పొద్దున్నే కారు తీస్తే ముప్పావు గంట. మొదట్లో మా అమ్మాయి కోసం వెళ్లేదాన్ని. దానికి స్కూల్లో ఎయిర్ రైఫిల్ పిచ్చి పట్టింది. అది లోపల గురి చూస్తుంటే నేను బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని దోమలు కొట్టేదాన్ని. రెండేళ్లకు దానికి విసుగొచ్చి మానేసింది. అప్పటికి నాకు అంటుకుంది. నలభై మూడేళ్ల వయసులో మొదలుపెట్టి, త్రీ ఫిఫ్టీన్ బోరు రైఫిల్‌కి నా పేరు మీద లైసెన్సు వచ్చేసరికి నలభై తొమ్మిది. ఎయిర్ రైఫిల్ పిల్లి లాంటిది, ఒళ్లో ఒదిగి ఉంటుంది. ఇది ఈనిన గేదె. దగ్గరకు తీసుకున్న ప్రతిసారీ భుజం మీద తన్నుతుంది.

ఏటా చలికాలంలో క్లబ్బుల మధ్య వంద మీటర్ల పోటీ జరుగుతుంది. క్లబ్బుకి నలుగురు. మా క్లబ్బులో ముగ్గురి చోట్లు ఖాయం, వాళ్లని కొట్టేవాళ్లు లేరు. నాలుగోది చాలా ఏళ్లుగా సెక్రటరీది. ఆయన రిటైరైన ఇంజనీరు, అరవై దాటిన మనిషి. తెల్లమీసం, ఇస్త్రీ చేసిన కోటు, ఎవరు ఎలా నిలబడాలో ఎక్కడ టీ తాగాలో చెప్పే నోరు. ఆ ఏడాది ఎంపిక పరీక్షకి నేనూ పేరిచ్చాను. నాకు కావలసింది ఆ నాలుగో చోటు. ఇంకేమీ కాదు.

పేరిచ్చిన వారమే నా గురి చెడింది. పది తూటాలు కొడితే విస్తరాకులో పోపు గింజలు చల్లినట్టు పడ్డాయి. ఎవరికైనా ఒక చెడ్డ ఆదివారం ఉంటుంది. కానీ సెక్రటరీ ఆ కాగితాన్ని తీసుకుని, చిల్లుల చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో సున్నాలు చుట్టి, సమోసాలు వేయించే మూకుడు ఎదురుగా గోడకు అంటించాడు. కింద ఇంగ్లిష్‌లో, ఉలిక్కిపడితే ఇలా ఉంటుంది అని రాశాడు.

"ఆంటీజీ, బురా మత్ మానియే, ఏమీ అనుకోకండి," అన్నాడు టీ గ్లాసు పట్టుకుని. "కొత్తవాళ్లకి పాఠం. మీ తుపాకీ ఠీక్ హై. భుజమే భయపడుతోంది. ఆడవాళ్లకి సహజం."

"నేను ఆంటీనైతే మీరు తాతయ్యగారు," అన్నాను హిందీలో. జనం నవ్వారు. కాగితం మాత్రం గోడ మీదే ఉంది.

తుపాకీ పేలబోయే ముందు ఒళ్లు దానంతట అదే బిగుసుకుని, భుజం ముందుకు తోసుకువచ్చి, గురి చెడగొట్టడాన్ని క్లబ్బులో ఫ్లించ్ అంటారు. ఆ మాట పడితే కడుక్కోవడం కష్టం. జడ్జీ ముందు నేను దొంగని కాదు అన్నట్టే ఉంటుంది, నేను ఉలిక్కిపడలేదు అనడం. నాకు సాక్ష్యం కావలసి వచ్చింది.

సాక్ష్యం సంగతి చెప్పింది కరీంనగర్ తమ్ముడు. ముప్పై ఐదేళ్లవాడు, నోయిడాలో సాఫ్ట్‌వేర్, జట్టులో ఖాయమైన ముగ్గురిలో ఒకడు. ఈ క్లబ్బులో నాతో తెలుగు మాట్లాడే ఒకే ఒక్క ప్రాణి.

"అక్కా, తుపాకీలనే ఏమన్న తేడా ఉందేమో జూద్దాం. నా దగ్గర రెస్టున్నది. గిప్పటిదాంక డబ్బల్నే ఉంది, ఇప్పలేదు."

"ఏం చేస్తుందది?"

"నీ భుజం పని అది జేస్తది."

రెస్ట్ అంటే ఒక ఇనుప చట్రం. ముందు వైపు రైఫిల్ ఆనడానికి తోలు ఒడి, వెనక బట్, అంటే మన భుజానికి ఆనే చెక్క, కూర్చోవడానికి గూడు, మధ్యలో బరువు పెట్టుకునే పళ్లెం. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు ఆ తన్ను మన భుజానికి కాకుండా పళ్లెంలోని బరువుకి తగులుతుంది. మనిషి చేయవలసింది గొట్టం మీది గురిచూసే సైటు కలుపుకుని ట్రిగ్గర్ నొక్కడం, అంతే. ఒళ్లు బిగుసుకోవడానికి కారణం ఉండదు. కాబట్టి రెస్ట్ మీద కూడా తూటాలు చెదిరితే తప్పు తుపాకీది. ఒక్కచోట పడితే తప్పు మనిషిది. ఇంతకన్నా న్యాయమైన కోర్టు లేదనుకున్నాను.

"బరువు మాత్రం నువ్వు తేవాలె అక్కా. చట్రమొక్కటే వచ్చింది, సంచులు రాలే," అన్నాడు తమ్ముడు.

ఇందిరాపురంలో ఇసుక ఎక్కడ తెస్తాను? మా ఇంట్లో బరువైనవి రెండే, మా ఆయనా, సోనామసూరి బస్తా. పది కిలోల బస్తా విప్పకుండానే డిక్కీలో వేశాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, "సాయంత్రానికి తిరిగొస్తుందా? రేపటికి బియ్యం లేవు," అన్నాడు. నేనొస్తానా అని మాత్రం అడగలేదు.

ఆ ఆదివారం బస్తా భుజాన వేసుకుని రేంజిలోకి వస్తుంటే సెక్రటరీ ఎదురయ్యాడు.

"ఆంటీజీ, నిశానా లగానా హై యా బిర్యానీ బనానీ హై?" గురి కొట్టడానికొచ్చారా, బిర్యానీ వండడానికొచ్చారా అని.

"రెండూ చేస్తాను. మీకు రెండోది కూడా పెట్టను."

మా రేంజిలో ఒక అలవాటుంది. ఎవరైనా తుపాకీ పరీక్ష చేసుకుంటుంటే మిగతావాళ్లు టీ గ్లాసులతో వెనక చేరి వ్యాఖ్యానం చెబుతారు. ఆ రోజు పన్నెండు మంది ఉన్నారు. పళ్లెంలో బియ్యం బస్తా, గూట్లో రైఫిల్ బట్. ఊపిరి వదిలి, ట్రిగ్గర్ నొక్కాను. చప్పుడు మామూలే. కానీ తన్ను లేదు. చట్రం కొంచెం వెనక్కి జరిగి, బస్తాలో బియ్యం సర్దుకుంది. అంతే. నా భుజానికి మొదటిసారి ఎవరో అడ్డం నిలబడినట్టు అనిపించింది. ఐదు కొట్టాను. ఎర్రజెండా ఎత్తి, కాల్పులు ఆపించి, అందరం నడుచుకుంటూ టార్గెట్ దగ్గరికి వెళ్లాం.

టీ గ్లాసు బోర్లిస్తే ఐదు చిల్లులూ దాని మూతి కింద దాగిపోతాయి, అంత దగ్గరగా పడ్డాయి.

తమ్ముడు నా వైపు చూడకుండా బూట్ల వైపు చూశాడు. సెక్రటరీ కాగితం తీసి, ఎండకు ఎత్తి పట్టి, చిల్లుల్లోంచి ఆకాశం చూశాడు. "దేఖా? తుపాకీ బేచారీ నిర్దోషి. బియ్యం కూడా మీకన్నా ధైర్యంగా ఉంది."

పన్నెండు మందీ నవ్వారు. నేను తెచ్చుకున్న సాక్షే నా మీద సాక్ష్యం చెప్పింది. ఆయన అన్నది నిజమే, నేను ఉలిక్కిపడుతున్నాను. నిజం ఎవరు చెప్పినా వినాలంటారు. ఆ మాట అన్నవాళ్లకి ఇలాంటి మీసం ఎదురుపడి ఉండదు.

క్యాంటీన్ గోడ మీది కాగితాన్ని ఆ రోజు నేనే పీకి ఇంటికి తెచ్చుకున్నాను. బీరువా తలుపు లోపలి వైపు అంటించాను.

"ఇదేంటి, చిల్లుల కాగితం?" అన్నాడు మా ఆయన.

"నా కోపం. పారెయ్యకండి."

ఎంపికకి ఆరు వారాలుంది. తమ్ముడు మందు లేని డమ్మీ తూటాలు సంపాదించాడు. నేను పక్కకు తిరిగితే, నిజమైనదో డమ్మీయో ఒకటి ఎక్కిస్తాడు. ఏదో నాకు తెలియదు. గురి చూసి నొక్కుతాను. డమ్మీ అయితే టిక్‌మంటుంది, పేలదు. ఆ టిక్కులో నా బండారం బయటపడింది. తుపాకీ పేలకపోయినా గొట్టం చివర, కోడి గింజ పొడిచినట్టు, కిందికి దిగింది.

"జూసినవా అక్కా?"

"చూశాను. నోరు మూసుకుని ఇంకోటి ఎక్కించు."

వారానికి యాభైసార్లు నా ఒంటి అబద్ధాన్ని నేనే పట్టుకున్నాను. భుజం ముందు ఎర్రబడి, తర్వాత వంకాయ రంగుకి తిరిగి, చివరికి పచ్చబడింది. లిఫ్టులో పైఅంతస్తు ఆంటీ నా మెడ దగ్గరి మచ్చ చూసి, మా ఆయన్ని ఆపాదమస్తకం చూసింది. ఆయన చేతులు జోడించి, "నేను కాదండీ, తుపాకీ," అన్నాడు. ఆవిడ నమ్మలేదు. మూడో వారానికి కోడి గింజలు పొడవడం మానేసింది.

ఆ వారమే ఇంకొకటి కనిపెట్టాను. రెస్ట్ మీద ఐదు కొట్టి, సైటు ముట్టుకోకుండా, భుజానికి ఆనించి ఐదు కొట్టాను. భుజం మీది ఐదూ మూడు వేళ్లు పైన పడ్డాయి. మళ్లీ కొట్టాను. మళ్లీ మూడు వేళ్లు. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివింది పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికే అనుకునేవాళ్లకు ఒక మాట. తూటా గొట్టంలోంచి బయటపడక ముందే తుపాకీ కదలడం మొదలుపెడుతుంది. భుజం మీద అది స్వేచ్ఛగా కదిలి మూతి పైకి లేపుతుంది. బరువు పెట్టిన రెస్ట్ మీద లేపలేదు. ఎంత బరువు పెడితే అంత తేడా. అంచేత రెస్ట్ మీద తుపాకీ మంచీచెడ్డా తెలుసుకోవచ్చు. సైటు మాత్రం భుజం మీదే సరిచేసుకోవాలి. నాది అలాగే సరిచేసుకున్నాను.

ఇది క్లబ్బుకంతటికీ పనికొచ్చే మాట. కాబట్టి, ఎంత కోపమున్నా, టీ కౌంటర్ దగ్గర సెక్రటరీకి చెప్పబోయాను. "సెక్రటరీ సాబ్, రెస్ట్ మీద పడిన చోటుకీ భుజం మీద పడే చోటుకీ..."

ఆయన అరచెయ్యి ఎత్తాడు. "మేడమ్, ఫిజిక్స్ క్లాసు మండే కో. ముందు ఉలికిపాటు తగ్గించుకోండి."

ఠీక్ హై, అనుకున్నాను. ఒక్కసారి చెప్పబోవడం నా ధర్మం. రెండోసారి చెప్పడం పిల్లల విషయంలో చేస్తాను, శత్రువుల విషయంలో చెయ్యను.

తర్వాతి ఆదివారం ఆయన తమ్ముణ్ణి రెస్ట్ అడిగి తీసుకున్నాడు. జీవితంలో మొదటిసారి అలాంటిది వాడుతున్నాడు. ఆ సంగతి మాత్రం ఒప్పుకోలేదు. ఆ వారం నేను తెచ్చిన బియ్యం బస్తాని నా బల్ల మీంచి తెచ్చాడు. అడగలేదు, తీసుకున్నాడు. దాని మీద జిమ్ములోంచి తెప్పించిన ఇనుప బిళ్లలు నాలుగు పేర్చాడు. దాని మీద క్లబ్బు గేటుకి అడ్డంపెట్టే ఇసుక సంచీ. చట్రం కాళ్లు సిమెంటు బల్ల మీద కిర్రుమన్నాయి. "వెంట్రుకవాసి కూడా కదలకూడదు. పరీక్ష అంటే ఇలా చెయ్యాలి," అని ఉపన్యాసం మొదలుపెట్టాడు. కొట్టాడు. తుపాకీ నిజంగానే కదలలేదు. మూడు తూటాలు ఒకే చిల్లులోంచి దూరాయి. చప్పట్లు. ఆయన చిన్న స్క్రూడ్రైవర్ తీసి, వెనక సైటు తిప్పి, తూటాలు సరిగ్గా నడిబొడ్డున పడేలా బిగించుకున్నాడు. తర్వాత, స్క్రూ కదిలితే పగిలి తెలిసిపోయేలా, దాని మీద మిస్త్రీ చేత లక్క చుక్క వేయించాడు. మిస్త్రీ అంటే క్లబ్బు తుపాకులన్నీ బాగుచేసే పెద్దాయన.

తమ్ముడు నా చెవి దగ్గర గొణిగాడు. "అక్కా, గట్ల గాదు గదా? భుజం మీద పెట్టంగనే మీదికి పోతయి. చెప్దామా?"

"నీకు ఆయన చెప్పమన్నాడా?"

"లే."

"మరి?"

వాడు నోరు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. నా జీవితంలో నేను మాట్లాడకుండా ఉండగలిగిన అతి పొడవైన సమయం ఆ రెండు వారాలే. మా ఆయన కంగారుపడి డాక్టర్ దగ్గరికి వెళదామన్నాడు.

ఎంపిక రోజు పొగమంచు పది గంటలకు విడింది. నియమాలు సెక్రటరీ స్వయంగా రాసినవే. భుజం మీదే కొట్టాలి. స్కోపులు కుదరవు, ఇనుప సైట్లే. సైటు సరిచూసుకునే ముందస్తు షాట్లు లేవు. పదీ పేలేదాకా ఎవరూ టార్గెట్ చూడకూడదు. అంతకుముందు ఏడాది, పెద్దమనుషులు గంటలకొద్దీ సైటు తిప్పుకుంటూ కూర్చుంటున్నారని ఆయనే పెట్టాడు ఈ చివరి రెండూ. నాకు అవి ఎంత నచ్చాయంటే, అక్షరం అక్షరం కంఠతా పట్టాను.

ఆయన నా పక్క బల్లే. నిదానంగా, అందంగా కొట్టాడు. ఆ మనిషి చెయ్యి చెయ్యే, కాదనను. నేను ప్రతి తూటాకీ అది డమ్మీ అని ఒంటికి అబద్ధం చెబుతూ కొట్టాను. పదీ అయ్యాయి. ఎర్రజెండా లేచింది. వంద మీటర్లు నడిచాం. ఆయన ముందు, నేను వెనక. అంత హాయిగా నేను మా పెళ్లిలో కూడా నడవలేదు.

ఆయన కాగితం మీద పది చిల్లులూ నిమ్మకాయంత చోటులో ఒత్తుగా ఉన్నాయి. కానీ ఆ నిమ్మకాయ నడిబొడ్డుకి బెత్తెడు పైన ఉంది. నావి సాసరంత మేర పరుచుకున్నాయి. కానీ సాసరు మధ్యలో నడిబొడ్డు ఉంది. లెక్క చూస్తే వందకి నాకు డెబ్భై ఎనిమిది, ఆయనకి అరవై రెండు.

ఆయన చాలాసేపు కాగితం ముందు నిలబడ్డాడు. సైటు కదిలిందన్నాడు. మిస్త్రీ వచ్చి లక్క చుక్క చూసి, పగల్లేదన్నాడు. తూటాలు చెడ్డవన్నాడు. అందరం ఒకే పెట్టెలోవి వాడాం. గాలి అన్నాడు. జెండా గుడ్డ చచ్చిన చేపలా వేలాడుతోంది. అప్పుడు వెనకనుంచి ఎవరో, "ఉలిక్కిపడ్డారేమో సాబ్," అన్నారు. నవ్వు వచ్చింది. పాత నవ్వే, ఈసారి ఆయన మీద.

ఉలిక్కిపడితే అంత ఒత్తుగా పడవని నాకు తెలుసు. ఒక్క మాటతో ఆయన పరువు కాపాడవచ్చు. నేను నా కాగితం చుట్టుకున్నాను.

కారు దగ్గర ఆయన వచ్చి నిలబడ్డాడు. "ఆప్‌కో పతా థా?"

"తెలుసు. రెస్ట్ మీద పెట్టిన సైటు భుజం మీద పనికిరాదు. టీ కౌంటర్ దగ్గర చెప్పబోయాను. ఫిజిక్స్ క్లాసు సోమవారం అన్నారు మీరు. ఈ రోజు ఆదివారం."

నేను ఇంకా ఏమైనా అంటాడేమోనని కారు స్టార్ట్ చేయకుండా రెండు నిమిషాలు ఆగాను. నా దగ్గర ఇంకా చాలా మాటలు మిగిలి ఉన్నాయి.

తర్వాతి శనివారం తమ్ముడు భోజనానికి రమ్మన్నాడు. అశోకా రోడ్‌లో మన తెలుగు భోజనం పెట్టే క్యాంటీన్, గంటసేపు క్యూ. రెండోసారి అన్నం వడ్డించేదాకా పోటీ ఊసెత్తలేదు. పప్పు కలుపుతూ మొదలుపెట్టాడు.

"అక్కా, కోపం జెయ్యకు. మేం ముగ్గురం మాట్లాడుకున్నం. మీ ఇద్దరు మళ్లొకసారి కొడితే ఎట్లుంటది? సెక్రటరీ అడగలే. మేమే అడుగుతున్నం."

"ఎందుకు?"

"ఆయన పదీ నిమ్మకాయంత జాగల పడ్డయి. సైటు సరిజేసుకుంటే తొంభై కొడ్తడు. నువ్వు ఎనభై దాటవు. జట్టు గెలవాలె గదా."

అన్నీ నిజాలే. ఆ ఏడాది నా ఎదుట అందరూ నిజాలే మాట్లాడారు.

"నా చిల్లులు బెత్తెడు పైన పడి, ఆయనవి నడిమధ్య పడి ఉంటే, అక్కకి ఇంకో అవకాశం ఇద్దామని ఆయన దగ్గరికి వెళ్లేవాడివా?"

వాడు గోంగూర వైపు చూశాడు. "పోయేటోణ్ణి గాదు," అన్నాడు. వాడిలో నాకు నచ్చేది అదే.

"తుపాకీ పట్టుకోవడమే కాదురా గురి. దాన్ని తెలుసుకోవడం కూడా. నేను ఆరు వారాలు తెలుసుకున్నాను. ఆయన ఒక్క పూట చప్పట్లు కొట్టించుకున్నాడు. మళ్లీ కొట్టను. వెళ్లి ముగ్గురూ చెప్పుకోండి."

"ఓడిపోతే?"

"నలుగురం ఓడిపోదాం. ఇన్నాళ్లు ఆయనతో కలిసి ఓడిపోయారుగా. పెరుగు వేయించుకో."

మర్నాడు క్లబ్బు ఆఫీసులో ఎంట్రీ ఫారం నింపారు. మూడు పేర్లు టైపు చేసి ఉన్నాయి. నాలుగోది ఖాళీ. సెక్రటరీ కళ్లజోడు పెట్టుకుని, నా పేరు చేత్తో రాశాడు. కింద, ఈ నలుగురూ అర్హులని ధ్రువీకరిస్తున్నాను అన్న చోట సంతకం చేయాలి. పెన్ను కాగితం మీద ఆనించి తల ఎత్తాడు.

"నా చోట మీరుంటే మళ్లీ కొట్టమని అడిగేవాళ్లు కాదా?"

"అడిగేదాన్ని. గొడవ చేసి, కాళ్లు విరగ్గొట్టి అడిగేదాన్ని."

"అచ్ఛా," అన్నాడు. నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. అడిగితే ఏమనాలో దారి పొడుగునా తయారు చేసుకుని వచ్చాను. నియమాల కాగితం జెరాక్సు కూడా బ్యాగులో ఉంది. ఆయన అడగలేదు. సంతకం చేసి, తారీఖు వేసి, సీలు కొట్టాడు. ఫారం ట్రేలో పెట్టబోయాడు. "సోమవారం కొరియర్‌లో పంపిస్తాను."

"ఇలా ఇవ్వండి. నేనే పట్టుకెళ్లి ఇస్తాను."

"నమ్మకం లేదా?"

"లేదు," అన్నాను. ఫారం తీసుకుని, నా పేరు మరొకసారి చదువుకుని, గేటు బయటి దుకాణంలో రెండు కాపీలు తీయించాను.